తలశ్శేరిలో డేరా జ్ఞాపకాలు

కేరళ యాత్ర అనగానే గురువాయూరు, కొచ్చిన్, మున్నార్ గుర్తుకు రావడం సహజం. ఎల్.టి.సి. సౌకర్యంపై కుటుంబ సమేతంగా బయలుదేరిన మేము మాత్రం చెన్నైలో మంగళూరు మెయిలు ఎక్కి, మరునాటి ఉదయం తలశ్శేరిలో దిగాము. దీనికి కారణం ఒక చిన్ననాటి ముచ్చట. మా ఊరి మైదానంలో సర్కస్ డేరా వెలసిన రోజుల్లో, రాత్రి ఆకాశంలో తిరిగే సెర్చిలైటు వెలుగు చూడడానికి అన్నం మాని మేడ ఎక్కిన వాళ్ళం మేము. ఆ డేరాల పుట్టిల్లు చూడాలన్న కోరిక ఇన్నాళ్ళకు తీరింది.

అరేబియా సముద్ర తీరాన ఉన్న ఈ పట్టణానికి కేకు, క్రికెట్, సర్కస్ మూడు ఆభరణాలని స్థానికులు చెప్పుకుంటారు. 1708 నాటి ఈస్టిండియా కంపెనీ కోటను చూశాక, మా అన్వేషణ మూడవ ఆభరణం వైపు సాగింది.

భారతీయ సర్కస్‌కు ఆద్యుడు మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే. ఆయన 1880లో తొలి స్వదేశీ సర్కస్‌ను నెలకొల్పారు. ఆ బృందం తలశ్శేరికి వచ్చినప్పుడు ఇక్కడి వ్యాయామ శిక్షకుడు కీలేరి కుంఞికణ్ణన్‌కు ఛత్రేతో పరిచయం కలిగింది. తత్ఫలితంగా 1901లో సమీపంలోని చిరక్కరలో సర్కస్ విద్యాలయం వెలసింది. అక్కడి శిష్యులు దేశమంతటా డేరాలు వేశారు. 1951లో జెమినీ సర్కస్‌ను మిత్రునితో కలిసి ప్రారంభించిన ఎం.వి. శంకరన్ ఈ ప్రాంతపు వారే. ఆయన 2023లో కన్నుమూశారు. వీరఘట్టంలో జన్మించిన మన కోడి రామమూర్తి నాయుడు గారు కూడా సొంత సర్కస్ నడిపిన వారేనని ఈ సందర్భంలో స్మరించుకున్నాము.

మా లాడ్జి యజమాని ఆ సాయంత్రం మమ్మల్ని ఒక విశ్రాంత దంపతుల ఇంటికి తీసుకువెళ్ళాడు. ఇద్దరూ ఊయల విన్యాసం చేసినవారు. ఆమె ఎగిరేది, ఆయన పట్టుకునేవాడు. మాది ఆంధ్రదేశమని చెప్పగానే ఆమె ముఖం వికసించింది. “విజయవాడ, గుంటూరు, రాజమండ్రి... అన్ని చోట్లా నెలేసి రోజులు ఉన్నాం బాబూ” అన్నది, డేరాలో నేర్చిన తెలుగులో.

రోజుకు మూడు ఆటలు. ఆఖరి ఆట ముగిసిన రాత్రే డేరా విప్పి, తెల్లవారేసరికి మరో ఊరికి ప్రయాణం. వాన కురిస్తే తాళ్ళు తడిసి బిగుసుకుంటాయట. అర్ధరాత్రి అందరూ లేచి వాటిని వదులు చేయకపోతే గుంజలు ఊడివచ్చే ప్రమాదం. ఆ పనిలో యజమాని, జోకరు అన్న భేదం ఉండేది కాదని చెబుతూ ఆమె నవ్వింది. “వల ఉంది కదా అని అందరూ అనుకుంటారు. వలలో పడటమూ విద్యే. వెన్ను మీద పడకపోతే మెడ విరుగుతుంది.”

చేతులు ఎలా పట్టుకునేవారని మా అమ్మాయి అడిగింది. ఆమె దాని మణికట్టు పట్టుకుని, తన మణికట్టు పట్టుకోమన్నది. “వేళ్ళు జారతాయి తల్లీ. ఇద్దరం ఒకరి మణికట్టు ఒకరం పట్టుకోవాలి. ఒకరు వదిలినా రెండోవారి పట్టు ఉంటుంది.”

ఆ రోజులు మళ్ళీ వస్తే వెళతారా అని మేము అడిగాము. “ఈ క్షణమే వెళతాను” అన్నది. మనవరాలిని పంపుతారా అన్నప్పుడు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తాను ఏడవ ఏట డేరాలో చేరిందట. బడి చూడలేదు, తల్లి పోయిన కబురు ఆట ముగిశాకే చెప్పారు. “పంపను” అన్నది చివరకు.

1998లో కేంద్ర ప్రభుత్వం పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల ప్రదర్శనను నిషేధించింది. 2011లో సుప్రీంకోర్టు సర్కస్‌లలో బాలలను నియమించరాదని ఆదేశించింది. ఈ రెండింటితో డేరాలు వెలవెలబోయాయని విచారించేవారు ఉన్నారు. నిజానికి మేమూ కొంత విచారించిన వాళ్ళమే. కాని ఆమె మౌనం విన్న తరువాత ఆ విచారం మాలో మునుపటిలా నిలువలేదు. మా బాల్యానికి వెలుగునిచ్చిన ఆ సెర్చిలైటు కింద మరొకరి బాల్యం ఖర్చయిందని అంతవరకు మాకు తోచలేదు.

మేము సెలవు తీసుకునే వేళ పక్షవాతంతో ఉన్న ఆయన మమ్మల్ని సాగనంపడానికి లేచాడు. గడప దగ్గర ఆమె ఆయన చేయి అందుకున్నది. పట్టుకున్నది వేళ్ళు కాదు, మణికట్టు.

కర్మాగారంలో తోటివారి జాగ్రత్త మీద ప్రాణాలు నిలుపుకునే మనకు ఆ పట్టు విలువ వేరే చెప్పనక్కరలేదు. మలబారు వైపు వెళ్ళే మన సహోద్యోగులు తలశ్శేరిలో ఒక పూట ఆగవలసిందిగా కోరుతున్నాము.