ఈ చలికాలం మన గూడెంల ఏం చేద్దాం?

 

దండారి అయిపోయింది. గుస్సాడీల నెమలి టోపీలు మళ్లీ భద్రంగా కట్టి పెట్టినం. ఇక మనకు మిగిలింది చలి, పత్తి, సంక్రాంతి సెలవులు. హాస్టళ్ల నుంచి పోరగాళ్లంతా ఇంటికొస్తరు. వచ్చిన రెండో రోజుకే ఎవల ఫోన్ల వాళ్లు తల పెట్టుకుని కూసుంటరు. అందుకే ఈసారి ముందుగాల్నే ఒక ప్లాన్ వేసుకున్నం. మా గూడెం ప్లాన్ మీకు అచ్చం కుదరకపోవచ్చు, అయినా చదువుండ్రి.

ముందు పోయిన ఏడాది సంగతి చెప్పాలె, దాచుకునేదేం లేదు. అప్పుడు కూడా ప్లాన్ వేసినం. ఐదు రోజుల క్రికెట్ టోర్నమెంట్, ఎంట్రీ ఫీజు, కప్పు, మైకు. పొద్దున ఆరు గంటలకు మొదలు అని కాయితం అతికించినం. ఆరు గంటలకు ఎవలొస్తరు? మా దిక్కు డిసెంబర్, జనవరిల ఐదారు డిగ్రీలకు పడిపోతది, బ్యాటు పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతయి. పది గంటలకు వచ్చినోళ్లు సగం మందే, మిగిలినోళ్లు పత్తి తీయబోయిండ్రు. కిలో లెక్కన వచ్చే కూలి ఇంటికి ఎంత అక్కెరో మనకు తెల్వదా? ఫైనల్ రోజు ఔటా, నాటౌటా అని రెండు గూడేల నడుమ లొల్లి అయి, కప్పు ఎవరికీ ఇయ్యకుంటనే మూట కట్టినం. ఇంటర్ చదివే మా చెల్లె ఒకతి మొఖం మీదనే అడిగింది: "మీ ప్లాన్ల మేమెక్కడున్నం అన్నా? చాయ్ పెట్టే కాడనేనా?" జవాబు లేదు మా దగ్గర.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. మా పక్క గూడెంల కిక్రి వాయించే తాత ఉండె, ప్రధాన్ల ఇంటి మనిషి. మూడు రాత్రులు కూసుంటే మన పెర్సాపెన్ కథ మొదటి నుంచి చెప్తానన్నడు. సరేనన్నం. ఫైనల్ ఉంది కదా అని రేపు, రేపు అనుకుంట ఒక్క రాత్రే పోయినం. ఆ రాత్రి కూడా ఫోన్ల ఛార్జింగ్ అయిపోయి రికార్డింగ్ పదకొండు నిమిషాలే మిగిలింది. "మిగిలింది మళ్లొచ్చే చలికాలం విందురులే" అన్నడు తాత. వానకాలంల పోయిండు. ఆ పదకొండు నిమిషాల్ల కూడా కథ ఇంకా మొదలు కాలె, కిక్రి తీగలు సరిచేసుకుంట మమ్ముల నవ్విచ్చుడే ఉంది.

అందుకని ఈసారి ప్లాన్ రాత్రుల నుంచే మొదలుపెట్టినం. చలికాలం రాత్రులు పొడుగు, ఏడింటికే అందరూ నెగడు చుట్టు చేరుతరు. వారానికి రెండు రాత్రులు కథలకు. తాత మనవడు కిక్రి నేర్చుకుంటుండు, వానికి వచ్చినంత వాయిస్తడు. తాత చెల్లెలు అవ్వ ఉంది, ఆమెకు పాటలు చాలా యాదికున్నయి. అవ్వ దగ్గరికి చెల్లెండ్లు పోతరు, ఏం అడగాల్నో వాళ్లే రాసుకున్నరు. రికార్డింగ్‌కు రెండు ఫోన్లు, ఒక పవర్‌బ్యాంకు. ముందు అవ్వను అడిగి, ఆమె సరేనంటేనే. పూజకు సంబంధించిన పాటలు గ్రూపుల పెట్టొద్దంటే పెట్టం.

నెగడు కాడ ఉడకబెట్టిన కంది కాయలు, కాల్చిన పాల జొన్న కంకులు. వేడి వేడిగ నలుపుకుని తింటుంటే ఫోన్ ముట్టుకోను చెయ్యి ఖాళీ ఉండదు, ఇది మాకు అనుభవమే. మబ్బు లేని రాత్రి చుక్కలు చూసుడు ఇంకొక పని. తూర్పున నాగలి చుక్కలు ఎక్కుతయి కదా, మూడు వరుసగా. పుస్తకంల ఒరాయన్ అని చదువుకున్నది గదే. మంచం, దాని వెనుక ముగ్గురు దొంగలు కావాల్నంటే తెల్లారుజామున ఉత్తరం దిక్కు చూడాలె, గంత చలిల లేచేటోళ్లకే ఆ భాగ్యం.

ఒక్క మాట గట్టిగ చెప్తున్నం. నెగడు బయటనే. చలికి ఆగలేక బొగ్గుల కుంపటి ఇంట్ల పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ చేరుతది, దానికి వాసన ఉండదు, నిద్రలనే ప్రాణం తీస్తది. హాస్టల్ గదుల్ల కూడా ఎవరన్నా గట్ల చేస్తుంటే ఆపుండ్రి.

ఇక పొద్దుటి ఆటలు. ఈసారి పత్తి టైం చూసుకుని పెట్టినం. మంచు తడి ఆరేదాక పత్తి తీయరు, తేమ 12 శాతం దాటితే కొనుగోలు కేంద్రంల కొర్రీ పెడ్తరు. అంటే ఎండ వచ్చినంక ఏడున్నర నుంచి తొమ్మిది దాక అందరికీ ఖాళీ. గూడెం నడుమ కల్లంలనే ఆటలు, చేన్ల దిక్కు కాదు. 2024 నవంబర్‌ల కాగజ్‌నగర్ మండలంల పత్తి చేన్ల పని చేస్తున్న ఆడమనిషిని పులి చంపింది, మరిచిపోలేం. పొద్దు పొడవకముందు, పొద్దు గూకినంక ఎవ్వరూ ఒంటరిగ పోవద్దు. ఒకరోజు కబడ్డీ, ఒకరోజు వాలీబాల్, ఒకరోజు ఖోఖో. ఖోఖో పూర్తిగ చెల్లెండ్ల చేతుల, ఆ రోజు చాయ్ మేం పెడతం. ఎంట్రీ ఫీజు లేదు, కప్పు లేదు, మైకు అసలే లేదు.

ముసురు పట్టినా, చలిగాలి ఎక్కువున్నా లోపల ఆడే ఆటలు. నేల మీద బొగ్గుతో గీసుకుని పులి-మేక, చింతగింజలు, అష్టాచెమ్మ. పులి-మేకల ముసలోళ్లను ఓడగొట్టినోడు ఇప్పటిదాక మా గూడెంల లేడు. పదో తరగతి, ఇంటర్ వాళ్లకు పరీక్షలు కాబట్టి మధ్యాహ్నం గంటసేపు లెక్కలు, ఇంగ్లిష్ డిగ్రీ వాళ్లు చెప్తరు. దాని తర్వాత అరగంట గోండి లిపి. నార్నూర్ మండలం గుంజాలల దొరికిన లిపి మనదే, 2018ల యూనికోడ్‌ల కూడా చేరింది. అయినా మనల ఎంతమందికి సొంత పేరు రాయ వస్తది? మాకే రాదు. ఒక తమ్ముడు నేర్చుకుని వచ్చిండు, ముందుగాల అందరం పేర్లు, ఆ తర్వాత ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ నుంచి లెక్కలు. ఎనిమిదేండ్ల పోరలకు గోండిల పది దాక లెక్కపెట్ట రాకపోతే తప్పు వాళ్లది కాదు కదా.

బయటి ప్రయాణం ఒక్కటే పెట్టుకున్నం. చానామంది కుంటాల జలపాతం అన్నరు. అక్కడ బండలు జారుతయి, సెల్ఫీల కోసం దిగి మునిగినోళ్ల సంగతి వింటనే ఉన్నం, చిన్నపిల్లలతోని వద్దనుకున్నం. జోడేఘాట్ పోతం, కుమురం భీమ్ మ్యూజియం చూసి, కొండ కింద వండుకుని తిని, పొద్దు గూకక ముందే వాపస్. పుష్యమాసంల జంగుబాయి కాడికి పోయేటోళ్లు ఉంటరు, అమావాస్యకు కెస్లాపూర్‌ల నాగోబా జాతర. ఆ రోజుల్ల వేరే ఏ ప్రోగ్రాం పెట్టలేదు. మెస్రం ఇండ్ల మా దోస్తులు గంగాజలానికి హస్తినమడుగు దాక నడిచిపోతరు, వాళ్లు రాలేదని ఎవరూ అలగొద్దు.

పటేల్ కాక సరే అన్నడు, కానీ ఒక షరతు పెట్టిండు. రాత్రి పది దాటితే నెగడు ఆర్పి, బూడిద మీద నీళ్లు చల్లిపోవాలంట. ఆదివారం పొద్దుమీకి కల్లం కాడ కూసుంటున్నం. ఒక పాత వాలీబాల్ నెట్టు, పులి-మేకల ఆడే ముసలోళ్లు ఇద్దరు దొరికిండ్రు. ఇంకొక పవర్‌బ్యాంకు కావాలె, ఎవల దగ్గరన్నా ఉంటే తెండ్రి.