ఆగిన బండి మాట వినాలి!

కొండదారిలో జీపు ఆగిపోతే ప్రయాణికులకు తెలిసేది ఒక్కటే... బండి ఆగింది. అనుభవమున్న డ్రైవరుకు మాత్రం ఆ ఆగడంలోనే రెండు రకాలు కనిపిస్తాయి. దగ్గి, మూలిగి, నాలుగు కుదుపులు కుదిపి ఆగడం ఒకటి. మాట్లాడుతున్న మనిషి మధ్యలో ఠక్కున నోరు మూసుకున్నట్టు ఆగడం ఇంకొకటి. మొదటిది సాధారణంగా డీజిల్ అందక వచ్చే తంటా. రెండోది చాలాసార్లు కరెంటు తంటా. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. కానీ ఆ క్షణంలో ఎంతమంది చెవిపెట్టి వింటారు? బండి ఆగగానే చెయ్యి తాళం మీదికి పోతుంది. సెల్ఫ్ కొట్టడం, మళ్లీ కొట్టడం... బ్యాటరీ నీరసించేదాకా అదే పని!

అనంతగిరి కొండల్లో ఓ పాత డీజిల్ జీపు ఉంది. పగలు బొర్రా నుంచి కటికి జలపాతానికి పర్యటకుల్ని తిప్పుతుంది. దాన్ని నడిపే ఆయనకు నలభై దాటాయి. బళ్లో చదివింది తక్కువ, బండి కింద పడుకుని నేర్చుకున్నది ఎక్కువ. రోడ్డు సరిగాలేని ఊళ్లలో ఎవరికైనా బాగోలేదంటే రాత్రిపూట ఆ జీపే అంబులెన్సు. అదీ దొరక్కపోతే డోలీ. కర్రకు దుప్పటి కట్టి, రోగిని అందులో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ మోసుకురావడం అక్కడివాళ్లకు కొత్తకాదు.

ఓ వానాకాలం రాత్రి ఆ జీపు వెనక సీట్లో ఏడేళ్ల పిల్ల ఉంది. మూడు రోజులుగా జ్వరం. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడంలేదు. తల్లి ఒళ్లో పడుకోబెట్టుకుంది. పక్కన తాత, ఊరి కుర్రాళ్లు ఇద్దరు. రాళ్లదారిలో ఓ పెద్ద కుదుపు తర్వాత ఇంజిను ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు.

''బావూ, డోలీ కట్టీమంటావేటి?'' అని అడిగాడు తాత.

తేలిగ్గా చెప్పే జవాబు కాదది. డోలీలో అయితే తారురోడ్డు చేరేసరికి గంటలు పడుతుంది. బండి బాగవుతుందని ఆశపెట్టి గంటసేపు కూర్చోబెడితే ఆ గంట కూడా పిల్ల లెక్కలోంచే పోతుంది. ''పది నిమిషాలు చూస్తాను. ఈలోగా మీరు కర్ర కొట్టి ఉంచండి'' అన్నాడు డ్రైవరు. తన పనిమీద నమ్మకం, అది ఓడిపోతే వేరేదారి... రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

పది నిమిషాల్లో ఇంజినంతా విప్పడం కుదరదు. ఏది కాదో తేల్చుకుంటూ పోవడమే మార్గం. డీజిల్ ఇంజినుకు నిప్పురవ్వ అక్కర్లేదు. లోపలి గాలిని ఇరవయ్యో వంతుకు దగ్గరగా నొక్కేస్తే వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. అందులో నాజిల్ చల్లిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన సూత్రం ఇదే. అంటే కావాల్సినవి మూడు... గాలి, ఆ గాలిని గట్టిగా నొక్కడం, వేళకు డీజిల్ అందడం. మూడింట్లో తప్పిపోయింది ఏది?

మొదటి ప్రశ్న... దారిలో వాగు దాటామా? దాటిన వెంటనే ఆగితే సెల్ఫ్ ముట్టుకోకూడదు. ఇంజిన్లోకి నీళ్లు పోయి ఉండొచ్చు. గాలి నలుగుతుందిగానీ నీళ్లు నలగవు. బలవంతంగా తిప్పితే లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి పోయేది ఇలాంటప్పుడే. ఆ రాత్రి వాగు దాటలేదు. ఆ అనుమానం తీరింది.

అప్పుడు ఒకే ఒక్కసారి సెల్ఫ్ కొట్టాడు. తిరగకుండా 'టిక్ టిక్' అంటే బ్యాటరీ తీగలు వదులై ఉండొచ్చు. ఎప్పటికంటే తేలిగ్గా, జోరుగా తిరిగితే ఇంకా భయం... టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో అది తెగి ఉండొచ్చు. ఇంజిను మామూలుగానే తిరిగింది. అంటే నొక్కుడు ఉంది. ఊరి కుర్రాణ్ని టార్చిలైటుతో సైలెన్సర్ దగ్గర నిలబెట్టాడు. ''పొగ వస్తోందా?'' ''లేదన్నా, ఏటీ రాలేదు.'' తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి చేరుతోందిగానీ సరిగా మండటంలేదని. చుక్క పొగ కూడా లేదంటే అసలు చేరడమే లేదు!

ట్యాంకు మూత తీశాడు. గాలి పీల్చుకునే రంధ్రం పూడిపోతే ట్యాంకులో గాలి చాలక డీజిల్ కదలదు. మూత తీయగానే 'ఉస్స్'మన్న చప్పుడు రావాలి. రాలేదు. ఫిల్టర్ మీదున్న చేతిపంపును నాలుగుసార్లు నొక్కాడు. వెంటనే గట్టిపడింది. గొట్టాల్లో గాలి చొరబడితే అది మెత్తగానే ఉంటుంది. ఇంజిను దగ్గరదాకా డీజిల్ వస్తోందన్నమాట. మరి గేటు మూసిందెవరు?

తాళం తిప్పి బండిని ఆపే పాత డీజిల్ వాహనాలు చాలావాటిలో పంపు మీద ఓ చిన్న విద్యుత్ పరికరం ఉంటుంది. స్టాప్ సోలినాయిడ్ అంటారు. తాళం ఆన్ చేస్తే 'టక్'మని గేటు తెరుచుకుంటుంది, కరెంటు పోతే మూసుకుంటుంది. కుర్రాణ్ని తాళం తిప్పమని డ్రైవరు పంపు మీద చెవి ఆనించాడు. మళ్లీ తిప్పమన్నాడు. టక్ వినిపించలేదు.

ఓ తీగముక్క తీసి బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా సోలినాయిడ్‌కు తగిలించాడు. టక్! అంటే పరికరం బాగానే ఉంది, దానికి వచ్చే తీగే చచ్చింది. ఒకే సెల్ఫుకు ఇంజిను అందుకుంది. తర్వాత వెతికితే దొరికింది... ఇనుప క్లాంపుకు రాసుకుని రాసుకుని, ఆ కుదుపుకు తెగిపోయిన తీగ. రెండు కొసలూ చెక్కి, మెలేసి, టేపు చుట్టాడు. తాత కొట్టి తెచ్చిన కర్రను పారేయకుండా జీపు మీద పెట్టుకుని బయల్దేరారు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేసి మలేరియా అన్నారు. వారం తిరిగేసరికి పిల్ల లేచి తిరిగింది.

ఆ రాత్రి చెడిపోయిన వస్తువు విలువ రూపాయల్లోనే ఉంటుంది. పంపు పోయిందని అనుకుని ఉంటే ఖర్చు వేలల్లో, ఆలస్యం గంటల్లో ఉండేది. మన ఇళ్లలోనూ జరిగేది అదే. ఫ్యాను తిరక్కపోతే మోటారు కాలిందని, మిక్సీ ఆగితే కొత్తది కొనాలని ముందే తీర్మానించేస్తాం. ప్లగ్గు చూడటం ఆఖరున గుర్తొస్తుంది!

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్ల వ్యవహారం కంప్యూటర్లకు మరింతగా చేరింది. స్కానర్ తగిలిస్తే తప్పు ఎక్కడుందో కోడ్ చూపిస్తుంది. అయితే, క్రాంక్ సెన్సర్ నుంచి సంకేతం రావడంలేదని అది చెప్పినంత మాత్రాన సెన్సరే పోయినట్టు కాదు. దానికెళ్లే తీగ తెగినా అదే కోడ్ వస్తుంది. యంత్రం లక్షణమే చెబుతుంది, రోగం మనమే కనిపెట్టాలి.

కొండదారుల్లోకి వెళ్లేవాళ్లు తినుబండారాలతోపాటు నాలుగు ఫ్యూజులు, రెండు గజాల తీగ, ఇన్సులేషన్ టేపు, ఓ టార్చిలైటు పెట్టుకుంటే మంచిది. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. బండి ఆగిన వెంటనే చెయ్యి తాళం మీదికి పోకుండా ఒక్క నిమిషం ఆపుకోగలగడం!