*99# ఎవరి ఇంటి నెంబరు?

వార్షిక సంచికకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం తమ్ముళ్లు అడిగినప్పుడు ఏం రాయాలా అని రెండు రోజులు తల గోక్కున్నాను. పెద్ద పదవులు అలంకరించినవాణ్ని కాను. దేశాలు తిరిగినవాణ్నీ కాను. నేను తిరిగిందల్లా యూసుఫ్‌గూడ నుంచి క్యాంపస్‌కీ, క్యాంపస్ నుంచి యూసుఫ్‌గూడకీ సిటీ బస్సులో వేలాడుతూ. అంచేత నాకు బాగా తెలిసిన విద్య ఒక్కటే రాస్తాను. అది సెల్‌ఫోను తోకకు లాప్‌టాప్‌ను కట్టి ఇంటర్నెట్టును లాగడం! నవ్వకండి. ఆ విద్య ఒకే రాత్రి నాకు మంచీ చేసింది, చెడ్డా చేసింది.

2008 నాటి మాట. పీజీ రెండో సంవత్సరం. హాస్టల్లో సీటు దొరక్క యూసుఫ్‌గూడ బస్తీలో ఒక డాబా మీది రేకుల గదిలో ఉండేవాణ్ని. గదిలో నాతోపాటు ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్ కావాలని ఆయన తపన. పొద్దున్నే బెటాలియన్ పోలీసుల కవాతు చప్పుడుకి నేను లేచేవాణ్ని. ఆయన పదింటికి లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కృష్ణానగర్‌లో ఒక టీ కొట్టు దగ్గర నిలబడేవాడు. అక్కడ నిలబడితే ఏదో ఒక సినిమా కంపెనీ కారు ఆగి పిలుస్తుందని ఆ పేటలో చాలామందికున్న నమ్మకమే ఆయనకీ ఉండేది.

ప్రాజెక్టు పనికని మా నాయిన పత్తి అమ్మిన డబ్బులు పంపితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఒక పాత లాప్‌టాప్ కొన్నాను. దాని బ్యాటరీ ఎప్పుడో స్వర్గస్థురాలైంది. కరెంటు తీగ పీకితే మరుక్షణం చీకటే! ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకునే తాహతు లేదు. నెట్ సెంటరేమో రాత్రి పదింటికి మూసేస్తారు. ఇక మిగిలింది నా నోకియా ఫోనూ, దానితో వచ్చిన మూరెడు డేటా కేబులూ.

పద్ధతి ఇదీ. ముందు లాప్‌టాప్‌లో పీసీ సూట్ వెయ్యాలి. కేబుల్ గుచ్చాలి. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి, ఫోనును మోడెంగా చూపించి, సిమ్ము కంపెనీవాళ్లిచ్చిన యాక్సెస్ పాయింట్ పేరు రాసి, డయల్ చెయ్యవలసిన నెంబరు దగ్గర *99# అని కొట్టాలి.

"ఎవురింటి నెంబరు తమ్ముడూ అది?" అని అన్న అడిగాడు.

నాకూ తెలియదు! తరవాత చదివి తెలుసుకున్నాను. ఆ నెంబరుకు ఎవరి ఇంట్లోనూ గంట మోగదు. 1981 లో అమెరికాలో హేస్ అనే కంపెనీ తన మోడెంకు ఒక ఆజ్ఞల భాష నేర్పింది. ప్రతి ఆజ్ఞా 'ఏటీ' అనే రెండక్షరాలతో మొదలవుతుంది. 'అటెన్షన్' అని దాని అర్థం. బెటాలియన్‌లో 'సావధాన్' అన్నట్టన్నమాట! సెల్‌ఫోన్లు కూడా ఆ భాషే నేర్చుకున్నాయి. పాపం లాప్‌టాప్ తన ముందున్నది పాతకాలపు మోడెమే అనుకుని 'సావధాన్, *99# తిప్పు' అంటుంది. 'మాట పంపించడం కాదు, డేటాను పొట్లాలు కట్టి టవరుకు పంపించు' అని ఫోను అర్థం చేసుకుంటుంది. అంతే రహస్యం!

కనెక్ట్ కాగానే తెర మీద 460.8 కేబీపీఎస్ అని వేగం కనబడేది. మొదటిరోజు అన్నా నేనూ చెయ్యీ చెయ్యీ కలిపాం. ఆ వేగం కేబుల్‌లో, లాప్‌టాప్‌కీ ఫోనుకీ మధ్యనే. ఫోను నుంచి టవరుదాకా గాలిలో వచ్చేది సెకనుకు నాలుగైదు కిలోబైట్లు. వాకిట్లో నూరడుగుల రోడ్డు, గేటు దాటితే యూసుఫ్‌గూడ గల్లీ! పైగా నా ప్లానులో పది కిలోబైట్లకు పది పైసలు. ఒక్కో ఫోటో తెరుచుకుంటుంటే ప్రాణం విలవిల్లాడేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒక పరిశోధన సంస్థకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆ రాత్రి పన్నెండుతో గడువు సరి. గదిలో సిగ్నల్ లేదు, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనే దొరుకుతుంది. ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, లాప్‌టాప్‌ను సిమెంటు బస్తా మీద పెట్టి కూర్చున్నాను. ఎదురుగా జూబిలీహిల్స్ గుట్ట మీద దీపాలు. ఆ ఇళ్లలో ఇంటర్నెట్ ఎంత వేగంగా వస్తుందో కదా అనుకున్నాను.

ఫారంలో మూడో పేజీ నింపుతుండగా అమ్మ ఫోను. కాల్ ఎత్తితే డేటా ఆగిపోతుంది. నా ఫోనుకు ఒకేసారి రెండు పనులూ చేతకావు. మాట ముగించి వచ్చేసరికి అవతలి వెబ్‌సైటు 'మళ్లీ మొదటినుంచి రా' అంటుంది. అప్పటికే అలా రెండుసార్లయింది. కట్ చేశాను. అయిదు నిమిషాలకు మళ్లీ అమ్మే. మళ్లీ కట్ చేశాను. ఈసారి బావ నెంబరు. 'ఒక్క పావుగంట బావా' అని మనసులోనే అనుకుని అదీ కట్ చేశాను.

పదకొండూ ముప్పై అయిదుకు దరఖాస్తు అందినట్టు నెంబరు వచ్చింది. ఎగిరి గంతేసి ఇంటికి ఫోను చెయ్యబోతే బ్యాలెన్స్ లేదు. దరఖాస్తే తినేసింది! దుకాణాలన్నీ మూసేశారు. నైట్ షూటింగ్ చూడబోయిన అన్న తిరిగి వచ్చేసరికి ఒంటిగంటన్నర. ఆయన ఫోనుతో చేశాను.

"ఎన్నిసార్లు జేసినం బిడ్డా... ఎత్తకపోతివి" అంది అమ్మ. నాయినకు ఛాతీలో నొప్పి వస్తే జీపులో నల్లగొండకు తీసుకుపోయారు. లోపలికి తీసుకుపోయేముందు "పిలగానితోని ఒక్కమాట మాట్లాడుత" అన్నాడట. మొదటిసారి ఫోను చేసింది అందుకే.

అన్న మారుమాట్లాడకుండా జేబులో ఉన్న మూడు వందలూ నా చేతిలో పెట్టాడు. తెల్లవారేసరికి నల్లగొండలో ఉన్నాను. దేవుడి దయ, డాక్టర్ల చలవ, నాయిన దక్కాడు. ఆ ఒక్కమాట ఏమిటని తరవాత అడిగితే "ఏం లేదురా, పైసలున్నయా అని" అన్నాడు. సీటూ వచ్చింది. రెండూ దక్కాయి కదా అంటారేమో! కాని ఆనాటి నుంచీ నాయిన నాకు ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగే మాట ఒక్కటే. "నెట్ల ఉన్నవా బిడ్డా? ఉంటె మల్ల జేస్త." ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజంగానే నా పని చెడుతుందని భయం. అందుకే మరీ గుచ్చుకునేది.

2020 కి వద్దాం. నేను అధ్యాపకుణ్నయ్యాను. యూసుఫ్‌గూడలోనే ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఊరికి మెట్రో రైలు కూడా వచ్చింది. మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు, షూటింగులు ఆగిపోయాయి. మా కింది వాటాలో ఒక జూనియర్ ఆర్టిస్టు కుటుంబం. వాళ్లమ్మాయి డిగ్రీ. బంధువులిచ్చిన పాత లాప్‌టాప్ ఉంది, నెట్ లేదు. క్లాసులన్నీ ఆన్‌లైన్. ఒకరోజు వాళ్లమ్మ మొహమాటపడుతూ అడిగింది.

ఇప్పుడు కేబులూ లేదు, *99# కూ పని లేదు. 2010 నుంచీ స్మార్ట్‌ఫోన్లే చిన్న వైఫై స్తంభాలైపోయాయి. హాట్‌స్పాట్ వేసి పాస్‌వర్డ్ ఇస్తే చాలు. మా గోడలు దాటి సిగ్నల్ కింది వాటాదాకా రాదు గనుక ఆ పిల్ల మెట్ల మీద కూర్చునేది. నా ఫోను గుమ్మం దగ్గర స్టూలు మీద ఉండేది. రోజుకు రెండు జీబీలు. అందులో ఆమె క్లాసులు పోను మిగిలిందే నా పాఠాలకు.

ఒకరోజు ఆ అమ్మాయికి వైవా. అవతల మాస్టారు ప్రశ్న అడుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. తెర మీద 'నాయిన'. ఆ పిల్ల తలెత్తి బిత్తరచూపు చూసింది. "సార్, కట్ అయితదా?" అన్నట్టు పెదవులు కదిలాయి.

కాదు. 4జీ ఫోన్లలో మాట కూడా డేటాలాగే పొట్లాలు కట్టుకుని పోతుంది. రెండూ ఒకే దారిన పక్కపక్కన నడుస్తాయి. కాకపోతే ఫోను పట్టుకుని నేను లోపలికి పోతే మాత్రం హాట్‌స్పాట్ అందదు. అంచేత ఆ పిల్లకు నాలుగు మెట్ల పైన నేనూ కూలబడి ఫోను ఎత్తాను.

"నెట్ల ఉన్నవా బిడ్డా?" అన్నాడు నాయిన.

"ఉన్న నాయినా. ఫరవాలేదు, చెప్పు" అన్నాను.

వానల గురించీ, పత్తి గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ ఇరవై నిమిషాలు చెప్పాడు. కింద ఆ పిల్ల జవాబులు చెబుతూనే ఉంది.