దేవరగట్టు బన్ని: కర్రకు ఇనుప రింగు ఎందుకు?

కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉంది దేవరగట్టు. కొండమీద మాళమ్మ, మల్లేశ్వరస్వామి కొలువు. మామూలు రోజుల్లో నిశ్శబ్దంగా ఉండే ఈ గట్టు దసరా అర్ధరాత్రి దివిటీలతో వెలిగిపోతుంది. స్వామి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు కర్రలతో విగ్రహాలకు కాపలా కాస్తారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని దక్కించుకోవాలని మీద పడతారు. అదే బన్ని.

ఇందులో పగ లేదు. పండక్కి ముందే ఈ మూడు ఊళ్లవాళ్లు గొడవలన్నీ మరిచి పాలమీద బాస చేస్తారు. దెబ్బ తగిలితే పసుపు అద్దుకుని మళ్లీ కదులుతారు.

చిక్కంతా కర్రతోనే. కొందరు దానికి ఇనుప రింగులు బిగిస్తారు. ఉత్త కర్ర దెబ్బే గట్టిది, ఇనుము తోడైతే తల పగులుతుంది. ఏటా పదుల మంది గాయపడుతున్నారు, కొన్నేళ్లు ప్రాణాలూ పోయాయి. అందుకే పోలీసులు ముందే ఊళ్లు తిరిగి రింగుల కర్రలు స్వాధీనం చేసుకుంటారు.

స్వామికి కాపలా కాసేందుకు కర్ర ఆచారమే అనుకుందాం. ఇనుము లేకపోతే ఆచారానికి వచ్చే లోటేంటి? మీరు చూడ్డానికి వెళ్తే మాత్రం గుంపుకు దూరంగా నిలబడండి. చెట్లెక్కకండి.