కావేరి లంకలో సీతాకోకలు

శ్రీరంగనాథుని దర్శనానికి వెళ్ళే తెలుగు యాత్రికులు గోపురాలను చూచి, కావేరిలో స్నానమాడి తిరుగుముఖం పట్టడం పరిపాటి. అదే లంకలో ఇంకొంత పడమటికి సాగితే, మేలూరు వద్ద, కావేరికీ కొళ్ళిడానికీ నడుమ సుమారు 25 ఎకరాల సీతాకోకచిలుకల వనం కనిపిస్తుంది. తమిళనాడు అటవీశాఖ 2015లో దీనిని ప్రజలకు తెరచింది. ఇది ఎగువ ఆనకట్ట రిజర్వు అటవీ భూమి. ఆ ఆనకట్టను 1830లలో కట్టించినవాడు ఆర్థర్ కాటన్. మన ధవళేశ్వరం కాటన్ దొరే.

ఇటువంటి వనంలో అడుగిడినవారి చూపు ముందుగా పూలమీదికి పోతుంది. కాని వనాన్ని నిలబెట్టేది ఆకు. పూదేనె రెక్కలు వచ్చినదానికి ఆహారం; గుడ్లు పెట్టవలసిన తల్లి వెదకేది ఆకును, అదీ తన సంతతి తినగల ఆకును మాత్రమే. ముందుకాళ్ళతో ఆకును తట్టి రుచి తెలుసుకొని గాని గుడ్డు పెట్టదు. నిమ్మ సీతాకోకకు నిమ్మ, కరివేపాకు, మారేడు వంటివి కావాలి. నారింజవన్నె రెక్కలకు నల్లని అంచు గల మరొకదానికి జిల్లేడు కావాలి. ఆ పాలలోని విషం ఒంటబట్టడం వల్లనే పక్షులు దానిని ముట్టడానికి జంకుతాయి. ఎర్రని ఒడలు గల గులాబి సీతాకోకకు ఈశ్వరి తీగ లేనిదే జరగదు.

ఇంగ్లీషువారు ఈ ప్రాణి పేరులో వెన్నను చేర్చారు. మనవారు సీతమ్మ కోకను కట్టబెట్టారు. అనువాదకునిగా నాకు మన పేరే అందంగా తోస్తుంది. అయితే దాని శైశవానికి మాత్రం మనమే ముతక గొంగళి కప్పాము! పెరట్లో ఆచరణ కూడా అలాగే ఉన్నది. కోకను చూచి మురిసే ఇల్లాలే కరివేపమొక్కపై గొంగళిపురుగు కనబడగానే మందు చల్లిస్తుంది. నిమ్మ సీతాకోక పిల్ల మొదటి రోజులలో అచ్చం పక్షిరెట్టలా ఉంటుంది. శత్రువుల కన్నుగప్పే ఆ వేషం పాపం, మందు నుండి కాపాడలేదు.

పెద్ద తోట అక్కరలేదు. ఎండ తగిలే చోట ఒక నిమ్మ, ఒక కరివేప, గోడవారగా మొలచిన జిల్లేడు, పూలకు బంతి, నూరువరహాలు చాలును. ఒక మూల కొంత మట్టిని తడిగా ఉంచితే మగ సీతాకోకలు గుంపుగా వ్రాలి అందులోని లవణాలు పీల్చుకొంటాయి. మందు ఊసెత్తరాదు. చిల్లులుపడిన ఆకులను సహించగలిగితే, వెచ్చని రోజులలో గుడ్డు రెక్కలు తొడగడానికి నెల పట్టవచ్చు.

మేలూరు వనాన్ని చూడదలచినవారు ప్రొద్దు కొంత ఎక్కిన తరువాత వెళ్ళడం మేలు. ఒళ్ళు వేడెక్కనిదే సీతాకోక ఎగరజాలదు.