వంటింటి తలుపు వెనక

పెయింటర్ని పెట్టుకోవడంలో ఏముంది, ఫోన్ చేస్తే వస్తాడు, రంగు వేస్తాడు, డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు అనుకున్నాను. 2025 మే నెల చివర్లో, సరిగ్గా రోహిణి కార్తెలో, విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి రంగులు వేయించడానికని హైదరాబాదు నుంచి పది రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. ఆ ఎండలో ఎవరైనా ఊటీ వెళ్తారు.

అమ్మ 2024 జనవరిలో పోయింది, సంక్రాంతికి వారం ముందు. ఏడాది దాటేవరకూ ఇంటికి ఏమీ చేయించొద్దన్నారు పెద్దవాళ్ళు. సంవత్సరికం సత్రంలో పెట్టాం. ఆ తర్వాత నాన్నకి ఫోన్ చేసినప్పుడల్లా గోడల గురించే చెప్పేవాడు. హాల్లో పెచ్చులు ఊడుతున్నాయి, పడకగదిలో నెమ్ము ఎక్కింది, కుర్చీ జరిపితే తెల్లగా పొడి రాలుతోంది. నాన్న తన గురించి ఏదైనా చెప్పాల్సి వస్తే ఇంటి గురించి చెప్తాడు. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ముగ్గురొచ్చారు చూడటానికి. మొదట ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే వచ్చిన కుర్రాడు. టీషర్ట్, మెడలో కార్డు, చేతిలో లేజర్ మీటర్. గోడకి ఎర్రచుక్క కొట్టి కొలిచి, సాయంత్రానికి లక్షా ఇరవై ఎనిమిది వేలకి పీడీఎఫ్ పంపాడు. రెండో ఆయన పక్కింటివాళ్ళు చెప్పిన మనిషి. ఎంతవుతుందంటే "మీరెంతంటే అంతండీ" అన్నాడు. నాన్న జడుసుకున్నాడు. మూడో ఆయన లోపలికి వస్తూనే ఏమీ మాట్లాడకుండా అరచేత్తో గోడని రుద్ది, తెల్లగా అంటిన పొడి నాన్నకి చూపించాడు.

"సున్నం మీదే డిస్టెంపర్ కొట్టేశారు మాస్టారూ. ఇదంతా గీకాలి. గీక్కుండా ఎమల్షన్ వేస్తే రెండేళ్ళకి అప్పడంలా లేస్తది."

నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. ఆ సంగతి మేం చెప్పలేదు. ఇంట్లో పుస్తకాలూ, గోడకున్న సన్మానం ఫోటో చూసి కనిపెట్టేసి ఉంటాడు.

కొలతల దగ్గర నేను గొడవ పడ్డాను. ఇల్లు తొమ్మిది వందల అడుగులైతే, ఈయన మూడు వేల నాలుగు వందలంటాడేంటి? అడుగుకి ఇరవై రెండు రూపాయలు, మెటీరియల్‌తో సహా. మోసమని ముఖం మీద అనలేక "ఎలా వచ్చిందండీ అంత?" అన్నాను. ఆయన నాతో కాకుండా నాన్నతో చెప్పడం మొదలుపెట్టాడు (ఆ పది రోజులూ ఇదే తంతు, డబ్బులిచ్చేది నేను, జవాబులు నాన్నకి). ఆయన మాట పూర్తికాకముందే నాన్న అందుకున్నాడు.

"పదీ పన్నెండు గది, పదడుగుల ఎత్తు. చుట్టుకొలత నలభై నాలుగు, ఇంటూ పది, నాలుగు వందల నలభై. సీలింగు నూట ఇరవై. మొత్తం 560. నేల ఎంత? 120. నాలుగున్నర రెట్లు దాటింది కదమ్మా. ఈయన తక్కువే చెప్పాడు."

అలా మా తరఫు మనిషే అవతల పార్టీలో చేరిపోవడంతో బేరం డెబ్భై నాలుగు వేల దగ్గర తెగింది.

మొదటి రెండు రోజులూ గీకుడే. మేస్త్రి, ఆయనతో ఇద్దరు కుర్రాళ్ళు. సామానంతా గది మధ్యకి లాగి పాత దుప్పట్లు కప్పాం. గీకుతుంటే పొరలు పొరలుగా ఇల్లు వెనక్కి వెళ్తోంది. పైన మీగడ రంగు, అది నా ఇంజనీరింగప్పటిది. దాని కింద లేత గులాబీ. అమ్మ పట్టుబట్టి వేయించింది, నాన్నకి ఎప్పుడూ నచ్చలేదు. ఇంకా కింద నీలం కలిసిన తెలుపు, అదీ అసలు వెల్ల. నాన్న స్టూలు వేసుకుని కూర్చుని ఆ కుర్రాళ్ళకి సున్నం కథ చెప్పాడు. పిడుగురాళ్ళ సున్నం రాళ్ళు తెచ్చి డ్రమ్ములో వేసి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగేదనీ, పిల్లల్ని ఆ దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కాదనీ, మర్నాడు వడకట్టి నీలిమందూ జిగురూ కలిపి కుంచెతో కొట్టేవాళ్ళనీ. తడిగా ఉన్నప్పుడు ఏమీ కనపడేది కాదట, ఆరాక తెల్లగా మెరిసేదట. కుర్రాళ్ళకి అదేదో సైన్స్ ఫిక్షన్‌లా ఉంది. ఒకడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ తీసేసి మరీ విన్నాడు.

తలుపుల దగ్గర నాకు భయమేసింది. మాది 1991లో కట్టిన ఇల్లు. అప్పటి ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న రూలు 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన తలుపుల్ని పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దితే లేచే దుమ్ము మంచిది కాదు. మాస్కులు కొనుక్కొచ్చి, తడిపి రుద్దమన్నాను. మేస్త్రి నా మాట మన్నించి తడిపి రుద్దించాడు. మాస్కు మాత్రం గడ్డానికి తగిలించుకున్నాడు. "ముప్పై ఏళ్ళ నుంచి పీలుస్తున్నా అమ్మాయిగారూ, ఇప్పుడు ఆపితే ఒళ్ళు ఊరుకోదు" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియలేదు. రోజూ పొద్దున్నే పని మొదలెట్టే ముందు కాసేపు దగ్గుతాడాయన, అదీ పనిలో భాగమే అన్నట్టు.

మూడో రోజు మధ్యాహ్నం వరండాలో అన్నాలు తింటుంటే మీ ఇల్లెక్కడని అడిగాను. సింగ్ నగర్ అన్నాడు. 2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు పొంగినప్పుడు వాళ్ళింట్లోకి మెడ లోతు నీళ్ళు వచ్చాయట. ఫ్రిజ్జూ, టీవీ పోయాయన్నాడు మామూలుగా. గొంతు మారింది మాత్రం లప్పం బస్తాల దగ్గర. పెద్ద పనేదో ఒప్పుకుని ఇరవై బస్తాలు ఇంట్లో దించుకున్నాడట. లప్పానికి నీళ్ళు తగిలితే గట్టిపడుతుంది కదా, నీళ్ళు తీశాక చూస్తే ఇరవై బస్తాలూ ఇరవై బండరాళ్ళు.

"మోసి బయట పారేయడానికి కూడా కూలి ఇచ్చుకున్నానండీ. గోడకి నీళ్ళ గీత ఇప్పటికీ ఉంది."

"మీరే పెయింటర్ కదా, వేసుకోలేదా?" అన్నాను. అడిగాక నాలుక్కరుచుకున్నాను.

"ఉప్పు ఊరుతోందండీ. గోడ పూర్తిగా ఆరకుండా వేస్తే నిలబడదు. ఈ ఎండలకి ఆరింది గానీ, ఇది సీజను. సొంతింటికి టైమెక్కడిది?"

సాయంత్రం కొత్త బకెట్ మూత తీసి, లోపల చెయ్యి పెట్టి చిన్న టోకెన్ ఏదో తీసి, లుంగీకి తుడిచి జేబులో వేసుకున్నాడు. పెయింటర్లు తమ కంపెనీ రంగే చెప్పాలని కంపెనీలు చూపే ఆశ అది. దాని గురించి నేను ముందే చదివాను, పట్టుకుని అడగాలని కూడా అనుకున్నాను. మధ్యాహ్నం బండరాళ్ళ సంగతి విన్నాక ఏం అడుగుతాం!

నాలుగో రోజు వంటిల్లు.

మా వంటింటి తలుపు వెనక గోడ మీద అమ్మ గ్యాస్ బండ మార్చిన తేదీలు పెన్సిల్‌తో రాసేది. అన్ని ఇళ్ళల్లోనూ ఎక్కడో ఒకచోట ఉంటుంది ఈ జాబితా, క్యాలెండర్ మీదో, బీరువా తలుపు లోపలో. మాకు గోడ మీద. నాన్న ఎప్పుడూ విసుక్కునేవాడు, "గోడ పాడు చేస్తావు, నోట్‌బుక్కులు లేవా ఇంట్లో" అని. "నోట్‌బుక్కు ఎక్కడ పెట్టానో గోడ మీద రాసుకోవాలి అప్పుడు" అనేది అమ్మ. పద్నాలుగు కేజీల చిల్లర బండ ఆవిడ చేతిలో ముప్పై ఐదు రోజుల నుంచి నలభై రోజులొచ్చేది. సంక్రాంతి నెలలో అరిసెలూ, చుట్టాలూ, ఇరవై ఎనిమిది.

ఆ జాబితా అక్కడుందని నాకు తెలుసు. పెయింట్ వేస్తే పోతుందనీ తెలుసు. ఆ వైపు ఆలోచన వెళ్ళినప్పుడల్లా షేడ్ కార్డు తీసి చూసుకునేదాన్ని.

మేస్త్రి స్టవ్ పైన గోడని సర్ఫ్ నీళ్ళతో కడిగిస్తున్నాడు, జిడ్డు మీద రంగు పట్టదని. కడిగిస్తూ, నాన్న హాల్లో ఉన్నాడో లేదో ఓసారి చూసుకుని, మొదటిసారి నాతో నేరుగా మాట్లాడాడు.

"మాస్టారు ఒక్కరే ఉంటారా అమ్మాయిగారూ?"

"అవునండీ."

"వంట చేసుకోరు కదా."

"చేసుకుంటారే. రోజూ చెప్తారు ఫోన్లో."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఈ జిడ్డంతా పాతదండీ. గట్టిపడిపోయింది. ఏడాది పైగా ఈ గోడకి పోపు తగల్లేదు." తర్వాత తలుపు వెనక్కి చూపించి, "అక్కడ రాసుంది కూడా, చూసుకోండి" అన్నాడు.

తలుపు మూసి చూశాను. అమ్మ చివరి తేదీ 9-12-23. సున్నాని కోడిగుడ్డులా పక్కకి వాల్చి రాసే ఆవిడ అంకెలు అక్కడితో ఆగిపోయాయి. కానీ జాబితా ఆగలేదు. దాని కింద బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు నిటారుగా, నాన్న అంకెలు. 6-2-24. దాని కింద 2-6-24. దాని కింద 9-11-24. అంతే.

నేనూ లెక్కల మాస్టారి కూతుర్నే. మొదటిది యాభై తొమ్మిది రోజులు, చుట్టాలు ఉన్నారు కాబట్టి. తర్వాతది నూట పదిహేడు. ఆ తర్వాతది నూట అరవై. నవంబర్‌లో పెట్టిన బండ ఆ రోజుకి నూట తొంభై తొమ్మిదో రోజు, ఇంకా అయిపోలేదు. చేత్తో కదిపి చూశాను. బరువుగానే ఉంది.

ప్రతి రాత్రీ ఎనిమిదింటికి ఫోన్ చేసేదాన్ని. "ఏం వండుకున్నావు నాన్నా?" అంటే "టమాటా పప్పు", "బీరకాయ", "ఇవాళ చారు పెట్టుకున్నానమ్మా" అని వెరైటీగా చెప్పేవాడు. ఒకసారి గుత్తి వంకాయ అన్నాడు, నేను మెచ్చుకున్నాను కూడా.

రాత్రి అడిగాను. బుకాయించలేదు. పొద్దున బండి మీద ఇడ్లీ. మధ్యాహ్నం కరెంటు కుక్కర్లో అన్నం, కర్రీ పాయింట్‌లో కూర. రాత్రికి అరటిపండు, మజ్జిగ. కర్రీ పాయింట్ వాడు ఆ రోజు ఏం చేస్తే నాకు ఫోన్లో అదే వంట. అంటే పూర్తిగా అబద్ధమూ కాదు. హైదరాబాద్ వచ్చెయ్యమన్నాను. ఇక్కడ నాకేం తక్కువన్నాడు. నేను గొంతు పెంచాను, ఆయన పెంచలేదు. ఇల్లంతా ప్రైమర్ వాసన. మంచాలన్నీ హాల్లోనే ఉండటంతో, పోట్లాడుకున్నాక వేరే గదిలోకి వెళ్ళే వీలు కూడా లేక ఇద్దరం అటొకళ్ళం ఇటొకళ్ళం తిరిగి పడుకున్నాం.

పొద్దున్నే గుమ్మానికి వేసే షేడ్ మార్చడానికి షాపుకెళ్ళి, ఎండ ముదిరాక తిరిగొచ్చాను. వంటింటి తలుపు వెనక తెల్లగా, నున్నగా లప్పం పెట్టేసి ఉంది.

మేస్త్రి వైపు చూశాను. ఆయన నాన్న వైపు చూశాడు.

"నేనే పెట్టెయ్యమన్నాను. మరకలే కదమ్మా" అన్నాడు నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఫోటో ఉంది నా దగ్గర. రాత్రి అందరూ పడుకున్నాక తీశాను, ట్యూబ్‌లైట్ వెలుగులో కొంచెం వంకరగా వచ్చింది. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. మేస్త్రికి మాత్రం ఎలాగో తెలిసినట్టుంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు, "ఫోటో తీసుకునే ఉంటారు కదా, అందరూ తీసుకుంటారు" అన్నాడు. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని గోడలు చదివుంటాడో ఆయన. పిల్లల ఎత్తులు, పాలవాడి లెక్కలు, మంచం పక్కన తలనూనె మరకలు. మా నాన్న అబద్ధాన్ని నేను ఏడాదిన్నరలో పట్టుకోలేకపోయాను. ఆయనకి నాలుగు రోజులు చాలింది, అదీ సర్ఫ్ నీళ్ళతో.

మిగతా పనిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. లప్పం, ఎమరీ, ప్రైమర్, రెండు కోట్లు. గ్రిల్స్‌కి ఆయిల్ పెయింట్. ఒప్పుకున్నదానికన్నా ఒక రోజు ఎక్కువ పట్టింది. చివరి డబ్బులు నా చేతుల మీదుగా ఇచ్చాను. లెక్కపెట్టుకుని నాన్నకి నమస్కారం పెట్టాడు.

మళ్ళీ ఆగస్టు చివర్లో వినాయక చవితికి వెళ్ళాను. బ్యాగు పెట్టగానే వంటింటి తలుపు వెనక చూశాను. ఏమీ లేదు. నాన్న చూసి నవ్వాడు. "కొత్త రంగు కదా, పాడు చేయడం ఎందుకని" అంటూ ఫ్రిజ్ పక్కనున్న తిథుల క్యాలెండర్ చూపించాడు. జూన్ 11 కింద 'గ్యాస్' అనీ, ఆగస్టు 19 కింద 'గ్యాస్' అనీ ఎర్ర ఇంకుతో రాసి ఉంది. స్టవ్ మీద కుక్కర్ ఉంది. మూతకి పప్పు మరక.

నేను వేళ్ళమీద లెక్కపెడుతుంటే ఆయనే చెప్పాడు.

"అరవై తొమ్మిది రోజులు. మరీ అన్యాయం. పైపు లీకవుతోందేమో, ఎవరినైనా పిలిచి చూపించాలి."