ల్యాప్‌టాప్ ఎంపిక: పేరూ, పనీ

వస్తువును కొనడం సులభం, ఎంచుకోవడం కష్టం. రెండు వస్తువులు అన్నదమ్ములవలె ఒకే పోలికతో ఉన్నప్పుడు ఆ కష్టం ఇబ్బడిముబ్బడి అవుతుంది. తెలుగు బోధించే మాకు యంత్రాల ముచ్చట ఎందుకని పాఠకులు అడుగవచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాస్తవ్యులైన మా విద్యార్థులు ముగ్గురు ఒకే ప్రశ్నతో మా వద్దకు వచ్చారు. సమాధానం వెదకుతూ మేము తెలుసుకొన్నది నలుగురితో పంచుకొనడమే ఈ వ్యాసోద్దేశం.

ముగ్గురి చూపూ థింక్‌ప్యాడ్‌పైనే పడింది. 1992లో ఐ.బి.ఎం. ప్రారంభించిన ఈ శ్రేణి 2005లో లెనోవో చేతికి వచ్చింది. కార్యాలయాలవారు వాడి మార్చివేసిన యంత్రాలు బాగుచేయబడి హైదరాబాదు దుకాణాలలో తక్కువ ధరకు దొరుకుతున్నాయి గనుక మన పిల్లలకు అవి అందుబాటులోకి వచ్చాయి. అయితే 2020 నాటి నమూనాలలోనే టి14, టి14ఎస్, పి14ఎస్, పి15 అని నాలుగు పేర్లు! వీటిలో దేనిని కొనాలి?

ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చిన టి14, పి14ఎస్‌లను పరిశీలించగా రెండింటి దేహమూ ఒక్కటే, ప్రాసెసర్ కూడా 15 వాట్ల తరగతిదే. పి14ఎస్‌లో అదనంగా ఉన్నవి డ్రాయింగు పనులకు ఉద్దేశించిన చిన్న గ్రాఫిక్స్ చిప్పు, సాఫ్ట్‌వేర్ సంస్థల ధ్రువీకరణ. టి14ఎస్ సన్ననిది, తేలికైనది. కాని దాని మెమరీ అంతా బోర్డుకే అతికించబడినందున తరువాత పెంచుకొనే వీలు లేదు. పి15 మాత్రం వేరు జాతి: 45 వాట్ల ప్రాసెసర్, రెండున్నర కిలోలు దాటిన బరువు, 170 వాట్ల చార్జరు.

జగిత్యాల విద్యార్థి ఉర్దూ, తెలుగు పుటలు కూర్చే పని నేర్చుకొంటున్నాడు. నస్తాలీఖ్ లిపి కంటికి ఎంత సుకుమారమో కంప్యూటరుకు అంత భారం కాదు. టి14 తీసుకొని, మిగిలిన సొమ్ముతో మెమరీ పెంచుకొమ్మన్నాము.

కోరుట్ల విద్యార్థిని తండ్రి గల్ఫ్‌లో పనిచేస్తారు. "అన్నింటికంటె పెద్దది తీసుకో బిడ్డా, డబ్బు పంపుతాను" అన్నారట. ఆమె చదువు లెక్కల పుస్తకాలకు సంబంధించినది. ఆ రెండు ధరల మధ్య వ్యత్యాసం ఆయన ఇంటికి పంపే ఒక నెల సొమ్ము. "అమ్మా, ఎడారి ఎండలో చిందిన చెమట మూతమీది ఒక అక్షరానికి ఖర్చు కారాదు" అని చెప్పి టి14నే సూచించాము. అక్కడినుంచే తెప్పించుకొనేవారు మరొకటి గమనించాలి. అరబీ కీబోర్డుపై ఉర్దూకు అవసరమైన టే, డాల్ వంటి అక్షరాలు ఉండవు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే వ్రాతపూర్వకంగా అడగాలి.

సిరిసిల్ల విద్యార్థిది సాంచెలు నడిపే కుటుంబం. వస్త్రాల డిజైన్లు, భవనాల నమూనాలు గంటల తరబడి కంప్యూటరుపై గీయాలన్నది అతని కోరిక. సాంచె మంచిచెడ్డలు మొదటి మీటరు గుడ్డలో తెలియవు, రాత్రిపాళీ ముగిసేసరికి తెలుస్తాయి. ల్యాప్‌టాప్ సంగతీ అంతే. వేడెక్కిన ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకొనడానికి వేగం తగ్గించుకొంటుంది. థింక్‌ప్యాడ్ వినియోగానికి తయారీదారులు సూచించిన గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలవరకే. మే నెలలో మన రేకుల ఇండ్లు దానిని ఎప్పుడో దాటిపోతాయి! కనుక అతనికి, బరువైనా సరే, పి15 తగినదన్నాము. బల్లమీద కదలకుండా ఉండేదానికి బరువు దోషం కాదు. అయినా మగ్గానికి కంప్యూటరు పరాయిది కాదు. 1804లో జకార్డు మగ్గానికి అమర్చిన చిల్లుల అట్టలనుండే బాబేజీ తన గణనయంత్రానికి ఊహ గ్రహించాడు.

పేర్లు శాశ్వతం కావు. డెల్ సంస్థ 2025లో లాటిట్యూడ్, ప్రెసిషన్ అనే పేరుపొందిన శ్రేణులను డెల్ ప్రో, డెల్ ప్రో మాక్స్‌గా మార్చింది. నిలిచేది పని ఒక్కటే. కాబట్టి విద్యార్థులు దుకాణంలో మూడు ప్రశ్నలు అడగాలి: ప్రాసెసర్ ఎన్ని వాట్లది? మెమరీ పెంచవచ్చునా? బరువెంత? చౌకగా వస్తున్నదని మరీ పాతది కొనరాదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో కనీసం ఎనిమిదవ తరం ప్రాసెసర్ అవసరం.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ప్రయోగశాలకు యంత్రాలు కొనేటప్పుడు అందరికీ ఒకే రకం కొనవద్దు. టైపు నేర్చుకొనేవారికి తేలికవి పది కొని, డిజైను నేర్చుకొనేవారికి బలమైనవి రెండు కొన్నా చాలు. ఇంట్లో కొనలేని పిల్లవాడు ఆ రెండింటిలో ఒకదాని ముందు కూర్చుని తన జీవనోపాధిని నేర్చుకొంటాడు.